పైన కడలి... కింద ఖండం!

దక్షిణ ధ్రువంలో ఏటా జనవరి 1న ఓ చిన్న వేడుక జరుగుతుంది. అక్కడి అమెరికా పరిశోధన కేంద్రం సిబ్బంది బయటికొచ్చి, ధ్రువ బిందువు ఆ రోజున సరిగ్గా ఎక్కడుందో లెక్కగట్టి కొత్త గుర్తు పాతుతారు. లోహంతో చేసిన ఆ గుర్తును చలికాలమంతా అక్కడే గడిపినవాళ్లు సొంతంగా తయారుచేసుకుంటారు. ఏ ఏటి నమూనా ఆ ఏటిదే. పాత గుర్తు అప్పటికి సుమారు పది మీటర్లు పక్కకు జరిగిపోయి ఉంటుంది. జరిగింది ధ్రువం కాదు, దాని మీది మంచు. 2,700 మీటర్ల మందాన పేరుకున్న ఆ మంచు, నెత్తిన ఉన్న భవనాలతో సహా, ఏడాదికి పది మీటర్ల చొప్పున సముద్రం వైపు నడుస్తూనే ఉంటుంది.

ఉత్తర ధ్రువంలో ఇలాంటి వేడుక చేసుకుందామన్నా కుదరదు. గుర్తు పాతడానికి అక్కడ నేలే లేదు. పైన రెండు మూడు మీటర్ల మంచు, దాని కింద నాలుగు కిలోమీటర్ల పైచిలుకు నీళ్లు. ఇవాళ పాతిన జెండా రేపటికి కొన్ని కిలోమీటర్ల అవతల తేలుతూ ఉంటుంది. అందుకే 2007 ఆగస్టు 2న రష్యా ఇంకో దారి చూసుకుంది. 'మిర్' అనే రెండు బుల్లి జలాంతర్గాముల్ని మంచు సందుల్లోంచి దింపి, 4,200 మీటర్ల లోతున, సముద్రపు అడుగున తన జెండా నిలబెట్టింది. ఉప్పునీటికి తుప్పు పట్టకుండా టైటానియంతో చేసిన జెండా అది. జెండాలు పాతి భూములు సొంతం చేసుకోవడానికి ఇదేమన్నా 15వ శతాబ్దమా అని కెనడా మండిపడింది.

రెండూ ధ్రువాలే. అట్లాసులో రెండిటికీ తెల్లరంగే వేస్తారు. బడిలో అయితే 'ధ్రువ ప్రాంతాలు మంచుతో నిండి ఉంటాయి' అన్న ఒక్క వాక్యంతో రెండిటినీ కలిపి చెప్పేసి, పెంగ్విన్ బొమ్మో ఎలుగుబంటి బొమ్మో వేసి వదిలేస్తారు. ఎండ విషయంలో నిజంగానే ఈ రెండూ కవలలు. రెండుచోట్లా సూర్యకిరణాలు ఏటవాలుగానే పడతాయి. రెండుచోట్లా ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి. ఆ మాటకొస్తే దక్షిణానికే ఓ పిసరు ఎక్కువ ముడుతుంది. భూమి జనవరి మొదటి వారంలో సూర్యుడికి అతి దగ్గరగా వస్తుంది, అంటార్కిటికాకు అప్పుడే నడివేసవి. అయినా చలిలో దక్షిణాన్ని మించింది లేదు. అంటే కిటుకు ఆకాశంలో లేదు, కాళ్ల కింద ఉంది. ఉత్తరాన ఉన్నది నేల చుట్టుముట్టిన సముద్రం. దక్షిణాన ఉన్నది సముద్రం చుట్టుముట్టిన నేల. చలి, జంతువులు, మనుషులు, చట్టాలు, ఆఖరికి మన తీరానికి రాబోయే ముప్పు కూడా ఈ ఒక్క తేడా దగ్గరే దారులు చీల్చుకున్నాయి.

మీగడ కింద సముద్రం

ఆర్కిటిక్ మహాసముద్రం విస్తీర్ణం సుమారు కోటీ 40 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటార్కిటికా ఖండం విస్తీర్ణమూ దాదాపు అంతే. కాకతాళీయమే కానీ, వినడానికి వింతగా ఉంటుంది. మన దేశం లాంటివి నాలుగు అందులో పట్టి ఇంకా చోటు మిగులుతుంది.

మహాసముద్రాల్లో ఆర్కిటిక్ చిట్టచివరిది, విస్తీర్ణంలోనూ లోతులోనూ. రష్యా, అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్, నార్వే తీరాలు దాన్ని దాదాపు మూసేశాయి. పసిఫిక్ వైపు తలుపు బేరింగ్ జలసంధి. వెడల్పు 85 కిలోమీటర్లే, లోతు 50 మీటర్ల ప్రాంతమే. అసలు గుమ్మం అట్లాంటిక్ వైపు, గ్రీన్‌లాండ్‌కూ స్వాల్‌బార్డ్ దీవులకూ మధ్య ఉంది. కాచిన పాల మీద మీగడలా ఈ సముద్రం మీద మంచు కడుతుంది. చలికాలంలో చిక్కబడుతుంది, వేసవిలో అంచుల నుంచి విరిగి కరుగుతుంది, గాలి ఎటు తోస్తే అటు పోతుంది.

ఈ సంగతి పుస్తకాల్లోకి ఎక్కి ఎన్నాళ్లో కాలేదు. పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా అక్కడ లోతు తక్కువ సముద్రమో, దీవులో ఉంటాయని చాలామంది పండితులు నమ్మేవారు. నార్వే యువకుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1893లో ఓ తెగువ చేశాడు. 'ఫ్రామ్' అనే ఓడను సైబీరియా పైనున్న మంచులోకి కావాలనే తోలి, అక్కడే బిగుసుకుపోనిచ్చాడు. మంచు కదిలితే ఓడా కదులుతుంది, చూద్దాం ఎటు తీసుకెళ్తుందో అని. మూడేళ్లు తేలి తేలి 1896లో స్వాల్‌బార్డ్ దగ్గర ఆ ఓడ బయటపడింది. దారిలో లోతు కొలుద్దామని తాడు వదిలితే అడుగు తగల్లేదు. తెచ్చుకున్న తాళ్లన్నీ చాలక, ఓడలోని ఉక్కు తాడు పేటలు విప్పి, ఒకదానికొకటి కలిపి పొడవైన తాడు పేనుకోవాల్సి వచ్చింది. మూడు వేల మీటర్లు దాటాక గానీ అడుగు తగల్లేదు. ధ్రువం చుట్టూ ఉన్నది లోతైన సముద్రమని ప్రపంచానికి తెలిసింది అప్పుడే.

ఇక దక్షిణం. అంటార్కిటికా సగటు ఎత్తు 2,000 మీటర్లకు పైమాటే. ఖండాలన్నిట్లోకీ ఎత్తయినది అదే. హిమాలయాలూ టిబెట్టూ ఉన్న ఆసియా సగటు ఎత్తు అందులో సగం కూడా ఉండదు. ఈ ఎత్తులో అధిక భాగం రాయి కాదు, మంచు. సగటున రెండు కిలోమీటర్ల మందం, కొన్నిచోట్ల నాలుగున్నర కిలోమీటర్లు దాటుతుంది. ప్రపంచంలోని మంచులో 90 శాతం అక్కడే ఉంది. ఆ బరువుకు కింది రాతినేల దిగబడిపోయింది. పశ్చిమ అంటార్కిటికాలో చాలా భాగం సముద్రమట్టం కన్నా దిగువన ఉంది. మంచు తీసేస్తే అక్కడ మిగిలేది ఖండం కాదు, దీవుల గుంపు. తూర్పును పడమరను విడదీస్తూ 3,500 కిలోమీటర్ల పొడవున ట్రాన్స్‌అంటార్కిటిక్ పర్వతాలు లేచాయి. రష్యా పరిశోధన కేంద్రం వోస్తోక్ కిందైతే దాదాపు నాలుగు కిలోమీటర్ల మంచు అడుగున 250 కిలోమీటర్ల పొడవైన మంచినీటి సరస్సు ఉంది. భూగర్భపు వేడికీ పైబరువుకూ అది గడ్డకట్టలేదు. ఖండంలోకెల్లా ఎత్తైన శిఖరం విన్సన్, 4,892 మీటర్లు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2019 డిసెంబరులో ఎక్కింది దీన్నే.

ఒకే అక్షాంశం, రెండు ఊళ్లు

తేడా తెలియాలంటే ధ్రువాల దాకా పోనక్కర్లేదు. ఉత్తరాన 69 డిగ్రీల 39 నిమిషాల అక్షాంశం మీద నార్వే పట్టణం ట్రామ్సో ఉంది. దక్షిణాన 69 డిగ్రీల 24 నిమిషాల మీద మన 'భారతి' పరిశోధన కేంద్రం ఉంది. భూమధ్యరేఖ నుంచి రెండిటిదీ ఇంచుమించు ఒకే దూరం. రెండుచోట్లా ఏడాదిలో నెలన్నర పైన సూర్యుడు అసలు పైకి రాడు.

ట్రామ్సోలో డెబ్బై వేల మందికి పైగా ఉంటారు. విశ్వవిద్యాలయం ఉంది, ఆసుపత్రి ఉంది, పిల్లలు చీకట్లోనే బడికి వెళ్తారు. జనవరిలో సగటు ఉష్ణోగ్రత మైనస్ 3, 4 డిగ్రీలు. మన హిమాచల్‌లోనో లద్దాఖ్‌లోనో ఇంతకంటే గట్టి చలి చూడొచ్చు. రేవు చలికాలంలోనూ గడ్డకట్టదు. ఇంకాస్త తూర్పున, అదే వరసలో ఉన్న రష్యా నగరం మూర్మాన్స్క్‌లో రెండున్నర లక్షల మంది పైనే ఉంటారు. ట్రాలీబస్సులు తిరుగుతాయి. ఆ రేవూ ఏడాది పొడవునా ఓడలకు తెరిచే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల సరుకులో కొంత అందులోంచి సోవియట్‌కు చేరింది.

భారతిలో చలికాలంలో ఉండేది పాతికమంది. కేంద్రం గోడలు 134 షిప్పింగ్ కంటైనర్లు. జర్మనీలో అమర్చి చూసి, విప్పి, ఓడలో తెచ్చి, లార్సెమాన్ కొండల మీద మళ్లీ జోడించారు. పైన తొడిగిన లోహపు తొడుగు వల్ల బయటికి అవి కంటైనర్లని తెలియదు. 2012 మార్చి నుంచి పనిచేస్తోంది. చలి మైనస్ 40కి దిగే రోజులుంటాయి. వేసవిలో వచ్చే ఓడ వెళ్లిపోయిందంటే మళ్లీ వేసవిదాకా కొత్త ముఖం కనపడదు. వైద్యుడు, వంటమనిషి, జనరేటరు చూసే మెకానిక్కు, శాస్త్రవేత్తలు... ఎవరికి పంటినొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరు పోయినా అక్కడే ఉండాలి.

ఎందుకింత తేడా? ఉత్తరానికి వేడినీళ్లు అందుతాయి. అట్లాంటిక్‌లో గల్ఫ్ స్ట్రీమ్ నుంచి చీలివచ్చే వెచ్చని ప్రవాహం నార్వే తీరాన్ని రాసుకుంటూ బారెంట్స్ సముద్రం దాకా పోతుంది. ధ్రువం దగ్గర కూడా సముద్రమే కాపు. మంచు కింది నీరు మైనస్ 1.8 డిగ్రీల కంటే చల్లబడలేదు, అంతకంటే చల్లబడితే గడ్డకట్టేస్తుంది. పైన గాలి మైనస్ 30 ఉన్నప్పుడు ఆ మైనస్ 1.8 నీరే పొయ్యి. దాని వేడి మంచులోంచి మెల్లగా పైకి వస్తూనే ఉంటుంది.

దక్షిణానికి ఆ భాగ్యం లేదు. సుమారు 3.4 కోట్ల ఏళ్ల కిందట దక్షిణ అమెరికా కొసకూ అంటార్కిటికాకూ మధ్య డ్రేక్ జలసంధి తెరుచుకుంది, ఆస్ట్రేలియా అప్పటికే దూరం జరుగుతోంది. ఖండం చుట్టూ సముద్రానికి అడ్డు లేకుండా పోయింది. పడమటి గాలుల తోపుకు ఓ మహాప్రవాహం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ప్రపంచంలోని నదులన్నీ కలిపి మోసే నీటికి నూరు రెట్లకు పైగా నీటిని మోస్తుందది. ఉత్తరం నుంచి వచ్చే వెచ్చని నీళ్లను దరికి రానివ్వదు. అడవులతో పచ్చగా ఉన్న ఖండం గడ్డకట్టడం మొదలైంది ఆ కాలంలోనే. గాలిలో బొగ్గుపులుసు వాయువు తగ్గడమూ ఇందులో పెద్ద కారణమేనంటారు. ఏది ముందు, ఏది వెనక అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తోంది.

దీనికి ఎత్తు తోడైంది. కొండెక్కేకొద్దీ చలి పెరుగుతుందని అరకు వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. దక్షిణ ధ్రువం ఎత్తు 2,835 మీటర్లు. చలికాలపు సగటు మైనస్ 60. అక్కడ నమోదైన అతి 'వేడి' రోజు 2011 డిసెంబరు 25, ఆ రోజున మైనస్ 12.3. అంటే కొలవడం మొదలుపెట్టాక ధ్రువంలో మంచు కరిగే రోజే రాలేదు. ఉత్తర ధ్రువంలో జులైలో సున్నా డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది, మంచు మీద నీటిగుంటలు కడతాయి, వాన కూడా పడుతుంది. భూమ్మీద కొలిచిన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 89.2, వోస్తోక్‌లో, 1983 జులై 21న. ఉత్తరార్ధగోళపు రికార్డు మైనస్ 69.6, అదీ ధ్రువంలో కాదు, గ్రీన్‌లాండ్ మంచు పీఠభూమి మీద. దాని తర్వాతి స్థానం సైబీరియా ఊళ్లది. అక్కడ జనం కాపురాలు చేస్తున్నారు!

మరో మాట. అంత మంచు ఉంది కదా, కుంభవృష్టిగా మంచు కురుస్తుందేమో అనుకుంటాం. దక్షిణ ధ్రువంలో ఏడాది మొత్తానికి పడేది నీటి లెక్కలో పది సెంటీమీటర్లు కూడా ఉండదు. మన కరవు సీమ అనంతపురంలో అంతకు అయిదు రెట్లు వాన పడుతుంది. ప్రపంచంలో అతి పెద్ద ఎడారి సహారా కాదు, అంటార్కిటికా. పడిన కాస్తా కరగదు గనుక లక్షల ఏళ్లుగా పేరుకుంటూ వచ్చిందంతే.

ఎలుగుకు పెంగ్విన్ ఎందుకు దొరకలేదు?

శీతల పానీయాల ప్రకటనల్లో తెల్ల ఎలుగుబంటి, పెంగ్విన్ పక్కపక్కనే కూచుంటాయి. నిజజీవితంలో ఆ రెండూ ఎదురుపడాలంటే ఏ జంతుప్రదర్శనశాలకో పోవాలి. ఉత్తరాన నేల చుట్టూ ఉంది గనుక జంతువులు నడిచొచ్చాయి. ఎలుగు, తోడేలు, నక్క, రెయిన్‌డీర్, కస్తూరి ఎద్దు... అన్నిటికీ దారి ఉంది. వందల రకాల పూలమొక్కలు వేసవిలో పూస్తాయి. అంటార్కిటికాకు నడిచొచ్చే దారి లేదు. సొంతంగా పూసే మొక్కలు రెండంటే రెండే. ఒకటి ఓ రకం గడ్డి, రెండోది పిడికెడంత గుబురు. నీళ్లతో నిమిత్తం లేకుండా పూర్తిగా నేల మీదే బతికే జంతువుల్లో అతి పెద్దది రెక్కల్లేని ఓ దోమజాతి పురుగు. పొడవు ఆరు మిల్లీమీటర్లకు మించదు.

పెంగ్విన్ ధీమా అదే. నేల మీద తరిమే జంతువు లేదు. చక్రవర్తి పెంగ్విన్ గుంపుగా నడిచొచ్చి, గడ్డకట్టిన సముద్రం మీద నిలబడి, నడి చలికాలంలో గుడ్డు పొదుగుతుంది. ఆడపక్షి గుడ్డు పెట్టి మేతకు సముద్రంలోకి వెళ్తే, మగపక్షి ఆ గుడ్డును పాదాల మీద పెట్టుకుని, పొట్టకింది చర్మం మడతతో కప్పి, రెండు నెలలకు పైగా ఏమీ తినకుండా నిలబడుతుంది. గుడ్డు జారి మంచు మీద పడితే నిమిషాల్లో పాడైపోతుంది. ఈ కాపురం ఉత్తరాన పెట్టి ఉంటే ఎలుగుబంట్లు మొదటి వారంలోనే ముగించేవి. ఉత్తర అట్లాంటిక్‌లోనూ ఒకప్పుడు ఎగరలేని నలుపుతెలుపు పక్షి ఉండేది, పేరు గ్రేట్ ఆక్. అది రాతి దీవుల్లో దాక్కుని చాలాకాలం నెగ్గుకొచ్చింది. చివరికి మనిషి చేతిలో పోయింది. ఐస్‌లాండ్ దగ్గరి ఎల్డే దీవిలో ఆఖరి జంటను 1844లో చంపేశారు.

ఈ రెండు లోకాల్నీ చూసే ప్రాణి ఒకటుంది. ఆర్కిటిక్ టెర్న్. వంద గ్రాముల చిలుకు బరువుండే ఈ పిట్ట ఉత్తరాన వేసవి గడిపి, అక్కడ చీకటి పడేవేళకు దక్షిణానికి బయల్దేరి, అక్కడి వేసవి అందుకుంటుంది. వంకర దార్లు కలుపుకుని ఏటా 70 వేల కిలోమీటర్ల ప్రయాణం. భూమ్మీద అందరికంటే ఎక్కువ పగటివెలుగు చూసేది అదే.

మనుషుల సంగతీ ఇంతే. ఆర్కిటిక్‌లో సుమారు 40 లక్షల మంది ఉంటారు. ఇన్యుయిట్, సామీ, నెనెట్స్, చుక్చీ లాంటి ఆదివాసులు వేల ఏళ్లుగా అక్కడివాళ్లే. అంటార్కిటికాను మనిషి చూసిందే 1820లో. సొంత జనాభా సున్నా. తనదని చెప్పుకోవడానికి అర్జెంటీనా ఓ గర్భిణిని అక్కడి స్థావరానికి పంపి, 1978 జనవరిలో కాన్పు చేయించింది. ఆ ఖండం మీద పుట్టిన తొలి బిడ్డ ఆ బాబే. అయినా ఖండం అర్జెంటీనాది కాలేదనుకోండి.

సాక్ష్యం నిలిచిందెక్కడ?

ఉత్తర ధ్రువాన్ని మొదట చేరిందెవరు? ఈ ప్రశ్నకు నేటికీ సూటి జవాబు లేదు. 1908లోనే చేరానని ఫ్రెడరిక్ కుక్, 1909 ఏప్రిల్ 6న నేను చేరానని రాబర్ట్ పియరీ తగువు పడ్డారు. ఇద్దరి లెక్కలూ అనుమానాస్పదమే. అనుమానం తీర్చుకునే వీలు లేదు, ఎందుకంటే అక్కడ ఏ గుర్తు పెట్టినా అది కొట్టుకుపోతుంది. ఎవరూ కాదనలేని తొలి దర్శనం 1926 మే 12న 'నోర్గె' అనే గాలిఓడలో అముండ్‌సెన్, ఎల్స్‌వర్త్, నోబిలె బృందానిది. అదీ పైనుంచి చూడటమే. మంచు మీదుగా వెళ్లి నిర్ధారణగా చేరింది 1968లో, స్నోమొబైళ్లపై రాల్ఫ్ ప్లెయిస్టెడ్ బృందం. చంద్రుడి మీద కాలుపెట్టడానికి ఏడాది ముందు! అంతకుముందు 1937లో సోవియట్ శాస్త్రవేత్తలు నలుగురు ధ్రువం దగ్గర మంచు మీద గుడారం వేసుకుంటే, అది తొమ్మిది నెలల్లో రెండున్నర వేల కిలోమీటర్లు కొట్టుకుపోయి గ్రీన్‌లాండ్ పక్కకు చేరింది.

దక్షిణాన ఇలాంటి తగువే రాలేదు. 1911 డిసెంబరు 14న నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ అక్కడ చిన్న గుడారం వేసి, లోపల ఉత్తరాలు పెట్టి వెళ్లాడు. 1912 జనవరి 17న బ్రిటన్‌కు చెందిన స్కాట్ బృందం వచ్చేసరికి గుడారం అలాగే ఉంది. తిరుగుదారిలో స్కాట్ బృందమంతా చనిపోయింది. కానీ అముండ్‌సెన్ గెలిచాడని చెప్పే ఉత్తరం ఓడినవాళ్ల గుడారంలోనే దొరికింది. నేలంటూ ఉంటే సాక్ష్యం నిలుస్తుంది.

ఆ గుడారం దగ్గర దొరికిన మరో వస్తువు మనకు సంబంధించింది. 16 కిలోల రాళ్లు. ఆకలితో, కాళ్లు గడ్డకట్టి, అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో కూడా స్కాట్ మనుషులు ఆ బరువును స్లెడ్జి మీంచి దించలేదు. బేర్డ్‌మోర్ హిమానీనదం పక్కన ఏరుకున్న ఆ రాళ్లలో గ్లోసోప్టెరిస్ అనే మొక్క ఆకుల ముద్రలున్నాయి. పాతిక కోట్ల ఏళ్ల పైబడిన ఆ అడవులే మన గోదావరి లోయలో బొగ్గయ్యాయి. కొత్తగూడెంలో, రామగుండంలో, మంచిర్యాలలో సింగరేణి కార్మికుడు తవ్వే బొగ్గు పొరలతో పాటు కనిపించే ఆకుముద్రలూ, స్కాట్ గుడారం దగ్గరి ఆకుముద్రలూ ఒకే కుటుంబం. దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు గోండ్వానా పేరుతో ఒకటిగా ఉండేవనడానికి గట్టి రుజువుల్లో ఇదొకటి.

బొగ్గు కంటే పాత చుట్టరికమూ ఉంది. విశాఖ చుట్టుపక్కల తూర్పు కనుమల్లోని ఖొండలైట్, చార్నొకైట్ శిలలకు సముద్రం అవతల తోబుట్టువులు తూర్పు అంటార్కిటికాలో దొరుకుతాయి. 90, 100 కోట్ల ఏళ్ల కిందటి ఒకే పర్వత నిర్మాణంలో అవి ఉడికాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట భారత ఫలకం విడిపోయి ఉత్తరానికి బయల్దేరినప్పుడు కొంత ఇటు వచ్చింది, కొంత అక్కడే మిగిలింది. అక్కడ లాంబర్ట్ హిమానీనదం పారే పగులు లోయ ఒడిశాలోని మహానది పగులు లోయకు కొనసాగింపని భూవిజ్ఞానుల అంచనా. భారతి కేంద్రాన్ని ఆ దరిదాపుల్లోనే కట్టుకున్నాం. ఉత్తర ధ్రువంతో మనకు ఇలాంటి రక్తసంబంధం లేదు.

ఒకరి పెరడు, అందరి పెరడు

నేల ఎవరిదన్న పేచీ లేకుండా ఉండదు కదా. ఇక్కడ మళ్లీ భూగోళమే తీర్పు చెప్పింది. ఆర్కిటిక్ సముద్రం గనుక సముద్ర చట్టం వర్తిస్తుంది. తీరం ఉన్న దేశాలకు హక్కులున్నాయి. సముద్రపు అడుగున 1,800 కిలోమీటర్ల పొడవున సాగే లొమొనోసొవ్ గట్టు మా నేలకు కొనసాగింపే గనుక మాదంటే మాదని రష్యా, కెనడా, డెన్మార్క్ లెక్కలు సమర్పించి కూచున్నాయి. చమురు, గ్యాసు ఉన్నాయి, ఓడదారులు తెరుచుకుంటున్నాయి. ఎవరి అణు జలాంతర్గాములు వాళ్లకున్నాయి.

అంటార్కిటికాలో ఏడు దేశాలు ముక్కలు గీసుకున్నా, 1959 డిసెంబరు 1న వాషింగ్టన్‌లో 12 దేశాలు చేసిన ఒప్పందం ఆ దావాలన్నిటినీ అటకెక్కించింది. సైన్యం వద్దు, అణుపరీక్షలు వద్దు, పరిశోధన మాత్రమే. ఖండం సంగతి ఐక్యరాజ్యసమితిలో చర్చించాలని 1956లోనే పట్టుబట్టింది మన దేశం. అప్పట్లో పెద్ద దేశాలు పడనివ్వలేదు. 1981 డిసెంబరులో గోవా నుంచి డాక్టర్ ఎస్‌.జెడ్‌. ఖాసిం నాయకత్వంలో తొలి భారత బృందం బయల్దేరి, 1982 జనవరి 9న అక్కడ దిగింది. ఆ మరుసటి ఏడాదే ఒప్పందంలో చేరాం. మొదటి కేంద్రం 'దక్షిణ గంగోత్రి' తేలే మంచుఫలకం మీద కట్టినది, కొన్నేళ్లకే మంచులో కూరుకుపోయింది. ఆ అనుభవంతో 'మైత్రి'ని రాతినేల మీద, మంచినీటి సరస్సు పక్కన కట్టారు. ఆ సరస్సుకు ప్రియదర్శిని అని పేరు పెట్టుకున్నారు. గనుల తవ్వకాన్ని 1991 నాటి మాడ్రిడ్ ఒడంబడిక పూర్తిగా నిషేధించింది. 2048 తర్వాత దాన్ని సమీక్షించమని ఓటు హక్కున్న ఏ సభ్యదేశమైనా అడగొచ్చు.

ఉత్తరాన మన కేంద్రం 'హిమాద్రి'. స్వాల్‌బార్డ్‌లోని నీ-ఆలెసుండ్ అనే ఊళ్లో, 79 డిగ్రీల దగ్గర, 2008 జులై నుంచి ఉంది. అదో పాత బొగ్గుగనుల ఊరు. 1962లో గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయాక గని మూతపడి, ఊరు శాస్త్రవేత్తల చేతికొచ్చింది. సున్నితమైన పరికరాలకు అంతరాయం రాకూడదని అక్కడ ఫోన్లో వైఫై, బ్లూటూత్ కట్టేయాలి. ఊరి పొలిమేర దాటితే ఎలుగుబంటి భయానికి తుపాకీ వెంట ఉండాలి. ఎవరైనా పరుగెత్తుకొస్తే దూరడానికి వీలుగా తలుపులకు తాళాలు వేయరు. తమాషా ఏమిటంటే 1920 నాటి స్వాల్‌బార్డ్ ఒప్పందంలో బ్రిటిష్ ఏలుబడిలోని భారత్ కూడా సంతకందారే. ఆ కాగితం పుణ్యమా అని ఇవాళ్టికీ అక్కడ మనకు సమాన హక్కులున్నాయి.

కరిగితే ఏమవుతుంది?

వార్తల్లో ఎక్కువగా కనిపించేది ఉత్తరమే. ఆర్కిటిక్ మిగతా ప్రపంచం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది. 2012 సెప్టెంబరులో సముద్రపు మంచు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది, ఇప్పటిదాకా అదే కనిష్ఠం. అయితే తేలే మంచు కరిగినంత మాత్రాన సముద్రమట్టం పెరగదు. గ్లాసులో ఐసుముక్క కరిగితే నీళ్లు పొర్లవు కదా, ఆ సూత్రమే. అక్కడి నష్టం వేరు. తెల్లటి మంచు పోయి నల్లటి నీరు బయటపడితే ఎండ వేడిని అది పీల్చుకుంటుంది, మరింత మంచు పోతుంది. వాతావరణం గతి తప్పుతుంది. మన రుతుపవనాలకూ దీనికీ లంకె ఎంతో గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు తరచి చూస్తున్నారు. ఉత్తరాన నిజంగా సముద్రాన్ని పెంచగలిగింది గ్రీన్‌లాండ్. అది మొత్తం కరిగితే ఏడు మీటర్ల పైచిలుకు.

అంటార్కిటికా మొత్తం కరిగితే 58 మీటర్లు. అది ఇప్పట్లో జరిగే పని కాదు, వేల ఏళ్ల మాట. కానీ అందులో ఒక మూల ఇప్పటికే కదిలింది. పశ్చిమాన 120 కిలోమీటర్ల వెడల్పున్న థ్వైట్స్ హిమానీనదం సముద్రమట్టానికి దిగువనున్న నేల మీద కూచుంది. వెచ్చబడిన నీరు దాని అడుగును కొరుకుతోంది. అదొక్కటే పోతే ప్రపంచ సముద్రమట్టం అరమీటరు పైన పెరుగుతుంది. చాలా ఏళ్లు తొణకకుండా ఉన్న అంటార్కిటిక్ సముద్రపు మంచు కూడా 2023 ఫిబ్రవరిలో 18 లక్షల చదరపు కిలోమీటర్ల లోపుకు దిగి రికార్డు సృష్టించింది. మన తీరం సంగతి చూస్తే, ఉప్పాడలో ఇప్పటికే ఇళ్లు సముద్రంలో కలుస్తున్నాయి. దానికి స్థానిక కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ అంటార్కిటికా మీద తోసేయలేం. అయినా ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరం ఉన్న రాష్ట్రానికి లెక్కలో పెద్ద అంకె దక్షిణానిదే. ఎలుగుబంటి బొమ్మలు చూసి ఉత్తరం గురించి బాధపడటం మంచిదే. జాగ్రత్తగా కనిపెట్టాల్సింది మాత్రం కింది ఖండాన్ని.

ఒక చిన్న విన్నపం, ముఖ్యంగా మాస్టార్లకు. గోడమీది ప్రపంచపటంలో అంటార్కిటికా అడుగున సాగదీసిన తెల్లపట్టీలా ఉంటుంది, ఆర్కిటిక్ మహాసముద్రమైతే పై అంచున తెగిపోతుంది. పిల్లలకు ఆ పటం చూపించి ధ్రువాల పాఠం చెప్పకండి. గ్లోబు తీయండి. చాలా గ్లోబుల్లో దక్షిణ ధ్రువం స్టాండు మేకు కింద దాక్కుని ఉంటుంది. దాన్ని ఊడదీసి, గోళాన్ని పిల్లల చేతికిచ్చి, ముందు పైభాగం, తర్వాత అడుగుభాగం చూడమనండి.